కార్డుకు దొరకని మలేరియాకు పీసీఆర్, ల్యాంప్, ఆర్‌పీఏ: ఏది మేలు?

ఒడిశాలోని రాయగడ, మల్కన్‌గిరి కొండ ఊళ్లలోనూ, మహారాష్ట్రలోని సిరోంచ అడవి పల్లెల్లోనూ మలేరియా ఉన్నా జ్వరం లేకుండా తిరిగేవాళ్లు ఉంటారు. మైక్రోలీటరు రక్తంలో వంద, రెండు వందల పరాన్నజీవులు ఉంటేగాని ర్యాపిడ్ టెస్టు కార్డు మీద గీత పడదు; దోమకు అంటుకోవడానికి అంతకంటే తక్కువున్నా చాలు. వీళ్లను పట్టాలంటే రక్తంలోని పరాన్నజీవి డీఎన్‌ఏను పెంచి చూడాలి. దానికి మూడు దారులు: వేడి, చల్లదనం మార్చుతూ సైకిళ్లుగా నడిచే పీసీఆర్, ఒకే వేడిలో నడిచే ల్యాంప్, ఆర్‌పీఏ.

ఏ పద్ధతైనా ముందు రక్తం సంగతి. గడ్డకట్టకుండా హెపారిన్ వేసిన ట్యూబు వద్దు, పీసీఆర్‌ను చంపేస్తుంది. ఫిల్టర్ పేపరు మీద చుక్క ఆరబెట్టి, 5 శాతం చెలెక్స్‌లో (లోహాలను పట్టుకునే రెసిన్ పూసల ద్రవం) పది నిమిషాలు మరిగిస్తే చాలు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక పైతేట మాత్రమే తీయాలి. చెలెక్స్ పూసలు ఒకటి రెండు పైపెట్‌లోకి వచ్చినా మెగ్నీషియాన్ని లాగేసుకుంటాయి, రియాక్షన్ నడవదు. తేట ఎర్రగా ఉంటే అందులో రియాక్షన్‌ను అడ్డుకునే హీమ్ (హిమోగ్లోబిన్‌లోని ఎర్ర భాగం) ఉన్నట్టే. పదింతలు పలచన చేసి మళ్లీ పెట్టండి.

రెండు రౌండ్లుగా చేసే నెస్టెడ్ పీసీఆర్‌లో పరాన్నజీవి జాతి తేలుతుంది: 18ఎస్ జన్యువు మీద ఫాల్సిపారం 205, వైవాక్స్ 120 బేస్ జతల దగ్గర బ్యాండు ఇస్తాయి. వైవాక్స్‌కు 14 రోజుల ప్రైమాక్విన్ కావాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. చిక్కల్లా మొదటి రౌండు ట్యూబు మూత తీసి, అందులోంచి రెండో రౌండుకు తీసుకోవడంలోనే. పెరిగిన డీఎన్‌ఏ తుంపర గాల్లో కలుస్తుంది. ఒకే గది ఉన్న ల్యాబులో కొన్నాళ్లకు రక్తం లేకుండా నీళ్లతో పెట్టే కంట్రోల్‌కూ బ్యాండు వస్తుంది. కొనేదేదో మూత తీయక్కర్లేని రియల్ టైమ్ మెషీనే కొనండి, దాంతోపాటు గంటన్నర, రెండు గంటలు ఆగే యూపీఎస్ కూడా.

ల్యాంప్‌కు సైకిళ్లు లేవు. 65 డిగ్రీల డ్రై బాత్, బీఎస్‌టీ ఎంజైమ్, ఆరు ప్రైమర్లు (పెంచాల్సిన డీఎన్‌ఏకు అతుక్కునే చిన్న ముక్కలు). 25 మైక్రోలీటర్లకు లోపలి ప్రైమర్లు ఎఫ్‌ఐపీ, బీఐపీ 40 పికోమోల్స్ చొప్పున, బయటి ప్రైమర్లు ఎఫ్3, బీ3 ఐదేసి పికోమోల్స్, లూప్ ప్రైమర్లు 20 చొప్పున. హీమ్‌ను పీసీఆర్‌లో వాడే టాక్ ఎంజైమ్ కంటే బీఎస్‌టీ బాగా ఓర్చుకుంటుంది. మెగ్నీషియం తగ్గితే రంగు మారే హెచ్‌ఎన్‌బీని ముందే కలిపితే, పాజిటివ్ అయినప్పుడు ఊదా నుంచి ఆకాశనీలానికి మారడం కంటికే కనిపిస్తుంది. రంగు వేడి పెట్టక ముందూ చూడాలి: నమూనాతో ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో వేసేది, మెగ్నీషియాన్ని పట్టేస్తుంది) ఎక్కువ వచ్చి ఉంటే అప్పుడే నీలంగా ఉంటుంది, అది పాజిటివ్ కాదు. గంట దాటనివ్వద్దు, ఆపైన ప్రైమర్లు వాటిలో అవే అతుక్కుని దొంగ పాజిటివ్‌లిస్తాయి. 80 డిగ్రీల్లో ఐదు నిమిషాలు ఉంచి ఆపేయాలి. మూత మాత్రం ఎప్పటికీ తీయకూడదు. ఆటోక్లేవ్‌లోనూ వేయొద్దు, మూతలు ఊడతాయి. జిప్ కవర్లో కట్టి పారేయండి.

ఆర్‌పీఏ 37–42 డిగ్రీల్లో ఇరవై నిమిషాల్లో తేలుస్తుంది, కానీ ఖరీదు ఎక్కువ. చివర్లో మెగ్నీషియం అసిటేట్ పడగానే మొదలవుతుంది. సిరోంచ మే ఎండలో గది వేడికే నడక అందుకుంటుంది, మొదటి ట్యూబుకూ ఎనిమిదో ట్యూబుకూ తేడా వస్తుంది. మెగ్నీషియాన్ని మూతల్లో చుక్కలుగా పెట్టి అన్నీ ఒకేసారి తిప్పాలి. చిక్కటి ద్రవం కాబట్టి నాలుగో నిమిషంలో మళ్లీ కలపాలి. మరిస్తే తక్కువ పరాన్నజీవులున్న నమూనాలు తప్పిపోతాయి. మనిషి డీఎన్‌ఏ ఎక్కువైనా కుంటుతుంది.

ఊరూరా జల్లెడకు ల్యాంపే మేలు. ఆర్‌పీఏను కరెంటు అసలు లేని క్యాంపుకు ఉంచుకోండి. జాతి తేల్చడానికి పాజిటివ్‌లను జిల్లా పీసీఆర్‌కు పంపండి. పంపాల్సింది ల్యాంప్ ట్యూబు కాదు, సిలికా జెల్ పొట్లంతో మూసిన అదే మనిషి రెండో రక్తపు చుక్క.