బాడీ ఎర్త్‌కి ఏది మేలు: స్క్రూనా, కొత్త బోల్టా, కంపెనీ పాయింటా?

చెన్నై పుదుప్పేటలోనో జనరల్ ప్యాటర్స్ రోడ్డులోనో ఫాగ్ ల్యాంపులు కొని అక్కడే బిగించమంటే, చాలాచోట్ల దగ్గర్లో కనిపించిన రేకులోకి ఒక సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ (తన మర తానే కోసుకునేది) దింపి నల్ల వైరు కొసనున్న రింగును దాని కింద నొక్కేస్తారు. బాడీ ఎర్త్ అంటే ఇదే: ల్యాంపు నుంచి కరెంటు కారు రేకు గుండా బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి. లైటు వెలుగుతుంది, మనం డబ్బిచ్చి వచ్చేస్తాం. నాకు మాత్రం ఆ స్క్రూ అంటే అస్సలు నమ్మకం లేదు. కారు రేకు మందం సాధారణంగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అంత పల్చటి రేకును స్క్రూ మర ఒక చుట్టో అరచుట్టో పట్టుకుంటుందంతే. రింగు కింద పెయింటు గీకకపోతే కరెంటంతా ఆ సన్నటి అంచు గుండానే పోవాలి. ఈసీఆర్ (సముద్రం వెంట సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేదీ అక్కడే. 55 వాట్ల ల్యాంపులు రెండూ కలిపి దాదాపు 9 ఆంపియర్లు లాగుతాయి. ఆ జాయింటులో 0.05 ఓమ్ అడ్డు చేరినా అర వోల్టు దాకా అక్కడే పోతుంది, లైటు మందగిస్తుంది, స్క్రూ వేడెక్కుతుంది.

కొత్తగా రంధ్రం చేసి ఎం6 (6 మిల్లీమీటర్ల) బోల్టు, వెనక నట్టు వేస్తే పట్టు గట్టిగా ఉంటుంది. రింగు కూర్చునే మేర పెయింటు గీకి ఇనుము తేలేలా చేయాలి, పళ్ల వాషర్ వేయాలి, బిగించాక పైన పెయింటో గ్రీజో పూయాలి. చిక్కల్లా రంధ్రంతోనే. రేకు వెనక పెట్రోలు పైపో, బ్రేకు పైపో, వైర్ల కట్టో ఉందేమో చూడకుండా డ్రిల్ పెట్టకూడదు.

అందుకే నా ఓటు ముందు కంపెనీ ఇచ్చిన ఎర్త్ బోల్టుకే. వెనక నట్టు వెల్డయి ఉంటుంది, కొత్త రంధ్రం అక్కర్లేదు. అయితే ఎయిర్‌బ్యాగ్, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఎర్త్‌ల జోలికి వెళ్లొద్దు. సీటు బెల్టు బోల్టును అసలు ముట్టుకోవద్దు. బానెట్, డోరు రేకులు కూడా వద్దు: అక్కణ్ణుంచి కరెంటు కీళ్ల మీదుగా తిరిగి రావాలి.

నేరుగా బ్యాటరీ మైనస్‌కే కలపొచ్చుగా అంటారు. ఆ టెర్మినల్ మీద బ్యాటరీ కరెంటును కొలిచే సెన్సారున్న కార్లలో అలా చేస్తే దాని లెక్క తప్పుతుంది.

ఏది వేయించినా, ల్యాంపులు వెలుగుతుండగా మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ మైనస్‌కి, మరో కొన కొత్త రింగుకి ఆనించి చూడండి. 0.1 వోల్టు లోపు ఉంటే సరే. మించితే విప్పించి, మళ్లీ గీకించి బిగించమనండి.