చిన్న విమానాలకు కార్బన్ మోనాక్సైడ్ అలారం: మచ్చ కార్డు వద్దు, మోగేదే కొనండి

కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయం ఎండకు విమానంలో హీటరు ఎవరు వేస్తారు, మనకు కార్బన్ మోనాక్సైడ్ భయమెందుకు అనేవాళ్ల కోసమే ఈ రివ్యూ. ఇంజను ఎగ్జాస్టు వేడితో నడిచే హీటరు ఒక్కటే ఈ గ్యాసు లోపలికొచ్చే దారి కాదు. సొంతంగా కట్టుకున్న విమానంలో ఇంజనుకూ కాక్‌పిట్‌కూ మధ్య గోడకు (ఫైర్‌వాల్) వైర్ల కోసం వేసిన బెజ్జాలు సరిగ్గా మూయకున్నా ఎగ్జాస్టు గాలి లోపలికొస్తుంది. బబుల్ కానపీ (గాజు బుడగలాంటి కప్పు) ఉన్నవాటిలో అయితే, పొట్ట కిందుగా పోయే ఎగ్జాస్టు తోక సందుల్లో దూరి, వెనకనుంచి పైలట్ దాకా రాగలదు.

ప్యానెల్‌కు అంటించే మచ్చ కార్డు చవకే. గ్యాసు తగిలితే మచ్చ నల్లబడుతుంది, కానీ మోగదు. చూసి గ్రహించాల్సిన బుద్ధినే ఈ గ్యాసు ముందు మందగింపజేస్తుంది. పైగా కవరు విప్పిన మూడు నెలలకే చాలా కార్డులు పనికిరావు.

ఇళ్లలో పెట్టే అలారం కూడా సరిపోదు. అమెరికా యూఎల్ భద్రతా ప్రమాణం ప్రకారం అది 70 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 70 పాళ్లు) దగ్గర ఒకటి నుంచి నాలుగు గంటల్లోపు మోగితే చాలు. గాల్లో అంతసేపు ఆగితే ఏముంది? 50 పీపీఎంకే మోగి, అంకె కూడా చూపే ఎలక్ట్రానిక్‌దే తీసుకోండి. హెడ్‌సెట్లో బజర్ వినపడదు గనక కళ్లెదుట మెరిసే లైటు ఉండాలి. దీని బలహీనత వేడి: చాలా సెన్సర్ల హద్దు 50 డిగ్రీలే. ఎండలో నిలిపిన కాక్‌పిట్లో వదిలెయ్యకుండా వెంట తీసుకెళ్లండి. సెన్సర్ గడువు తేదీ కొనేటప్పుడే చూడండి.

వేలికి పెట్టే ఆక్సీమీటరును మాత్రం నమ్మొద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్నీ అది ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కేసి 98 చూపిస్తుంది.

2019 జనవరిలో ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా ప్రయాణించిన పైపర్ మాలిబు కంట్రోలు తప్పి ఇంగ్లిష్ చానల్లో కూలింది. సాలా రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్, అంటే కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్, 58 శాతం ఉంది. పైలట్‌కూ ఆ గ్యాసు సోకి ఉండొచ్చని బ్రిటన్ దర్యాప్తు తేల్చింది. కంట్రోలు తప్పిందంటే పైలట్ చేతకానితనం మీదికే నెట్టేసేవాళ్లు ఈ రిపోర్టు చదవాలి.

అలారం మోగితే హీటరు కట్టేసి, బయటి గాలి వెంట్లన్నీ తెరిచి, ఏటీసీకి (విమాన రాకపోకల కంట్రోలు) చెప్పి దగ్గర్లోని రన్‌వే మీద దిగండి. ఆస్పత్రిలో కార్బాక్సీహిమోగ్లోబిన్ రక్తపరీక్ష అడిగి చేయించుకోండి. మామూలు గాలి పీలుస్తూ ఉంటే అందులో సగం తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది కాబట్టి ఆ రోజుకిక ఎగరొద్దు. పొగతాగేవాళ్ల రక్తంలో ముందే కొంత ఉంటుంది, వాళ్లకు ఇంకా తొందరగా ఎక్కుతుంది.

కొన్నాక మొదటి పని: ట్యాక్సీ (నేలమీద నడపడం), క్లైంబ్ (పైకెక్కడం), క్రూజ్ (నిలకడగా ఎగరడం), మూడింట్లోనూ ముఖం దగ్గర, పెడల్స్ దగ్గర, సీటు వెనక వేర్వేరుగా అంకె రాసుకోండి. ఎక్కడ ఎక్కువ చూపితే ఆ పక్క సందులు వెతకండి.