ఈలకు పనికొచ్చే అర అంగుళం సీపీవీసీ పైపు

నీళ్ల లైనుకు వాడే అర అంగుళం సీపీవీసీ పైపు ఈలకు బాగా కుదిరింది. లోపలి బెజ్జం సుమారు 12 మిల్లీమీటర్లు. గోడ మందంగా ఉంటుంది కాబట్టి, కిటికీ (పైపు పైన గాలి కోసం కోసే కంత) అంచును బ్లేడుతో వాలుగా చెక్కినా విరగదు. కరెంటు వైర్ల పైపు చవకే గానీ అంచు నిలవదు.

అసలు పనంతా మూతి దగ్గరే. కర్రముక్కను బిరడాలా దిగ్గొట్టాలి, దాని పైభాగం కాస్త చదునుగా అరగదీయాలి. ఆ సందులోంచి వచ్చే గాలి సరిగ్గా అంచుకు తగిలితేనే మోత. అడుగు మూసేసి లోపల 8 సెంటీమీటర్లు వదిలితే 1000 హెర్ట్జ్ దరిదాపుల్లో పలుకుతుంది, మా వాడి కబడ్డీకి అది చాలు. పైపులు అతికించే సాల్వెంట్ సిమెంట్ మాత్రం నోటి దగ్గర వద్దు.

షాపులో ముక్క కోసివ్వరట, 3 మీటర్ల పైపూ కొనాల్సిందే. మిగిలినదాంతో పక్కింటి పిల్లలకీ చేసిచ్చాను. వాళ్లమ్మగారు నాతో మాట్లాడటం లేదు.