ఐదేళ్లు, 78 వేల కిలోమీటర్లు: మా హైబ్రిడ్ ఎస్‌యూవీ ఎంత తాగింది?

బండి కొన్న వారానికే రాసే సమీక్షల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఆ వారంలో ఏ బండైనా బాగానే ఉంటుంది. మా బండికి ఐదేళ్లు నిండాయి, మీటరు 78 వేలు దాటింది. ముందు సీట్ల వెనక పిల్లల బూటు ముద్రలు పడ్డాయి, బంపరు మీద రెండు గీతలున్నాయి, వాటిలో ఒకటి నాదే. ఇప్పుడు రాస్తే కాస్త నిజం రాయగలను.

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరహా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లు అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బండిని తను ఒక్కతే కూడా లాగగల కరెంటు మోటారు ఉన్నవి, ఇప్పుడు చాలామంది చేస్తున్నారు, నేను చెప్పబోయేదాంట్లో చాలా భాగం వాటన్నిటికీ వర్తిస్తుంది.

దీనికి ముందు మాకు ఏడు సీట్ల పెట్రోల్ ఎస్‌యూవీ ఉండేది. బండి బంగారం, తాగుడు మాత్రం ఘోరం. లీటరుకి తొమ్మిది కిలోమీటర్లు. పెట్రోల్ ధర పెరిగినప్పుడల్లా ఇంట్లో అదే చర్చ. "ఇంత పెద్ద బండి మనకెందుకండీ, చిన్న కారు కొనుక్కోవచ్చు కదా" అని మా ఆవిడ. న్యాయమైన ప్రశ్నే. జవాబు మా అమ్మ మోకాళ్లు. తక్కువ ఎత్తు కార్లో కూర్చోవాలంటే కిందికి దిగాలి, లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. సీటు సరిగ్గా నడుము ఎత్తులో ఉంటే అమ్మ పక్కకి తిరిగి తనే కూర్చుంటుంది. షోరూముల్లో మేము మొదట చూసింది ఇంజిన్ కాదు, అమ్మ ఎక్కి దిగడమే. పైగా అప్పట్లో చిన్నవాడికి చైల్డ్ సీటు, పెద్దదానికి బూస్టరు, వాటి మధ్యలో నేనో మా ఆవిడో. వెనక సీటు వెడల్పు లేకపోతే కుదరదు. మూడో వరసని మాత్రం పాత బండిలో ఏడాదికి రెండుసార్లు వాడామేమో. ఆ రెండుసార్ల కోసం మిగతా రోజులన్నీ ఆ బరువు మోశాం. ఈసారి ఐదు సీట్లు చాలనుకున్నాం.

కొనే ముందు నేను చేసిన పనుల్లో మంచిది ఒకటుంది. మూడు నెలలపాటు మా తిరుగుడంతా ఒక చిన్న నోటు పుస్తకంలో రాశాను. బడి ఎంత దూరం, ఆఫీసు ఎంత దూరం, సిగ్నళ్ల దగ్గర ఎంతసేపు, నెలకి ఎన్నిసార్లు హైవే ఎక్కుతాం. చివర్లో చూస్తే మా తిరుగుడులో దాదాపు మూడొంతులు ఊళ్లోనే, అదీ ఆగుతూ కదులుతూ. హైవే మీద ఎక్కువ తిరుగుతామని నాకో భ్రమ ఉండేది. పొడవైన ప్రయాణాలు గుర్తుంటాయి, రోజూ చేసే ఎనిమిది కిలోమీటర్లు గుర్తుండవు, అంతే.

ఇక లెక్క. మేము ఏడాదికి సుమారు 15 వేల కిలోమీటర్లు తిరుగుతాం. లీటరుకి 9 ఇచ్చే పాత బండికి 1,667 లీటర్లు పట్టేవి. మేము చూసిన మామూలు టర్బో పెట్రోల్ ఎస్‌యూవీ మా రోడ్ల మీద 12.5 ఇస్తుందనుకుంటే 1,200 లీటర్లు. హైబ్రిడ్ 17.5 ఇస్తే 857. ఇంకా చిన్న హైబ్రిడ్ ఒకటి 21 ఇస్తుందనుకున్నా 714. 9 నుంచి 12.5కి పెరిగింది మూడున్నర, 17.5 నుంచి 21కి పెరిగిందీ మూడున్నరే. మొదటిదాంట్లో ఏడాదికి 467 లీటర్లు మిగులుతాయి, రెండోదాంట్లో 143 మాత్రమే. కళ్లు మోసపోయేది ఇక్కడే. దీని మీద రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో సైన్స్ పత్రికలో రాశారు కూడా. యూరప్‌లో వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని చెబుతారు, పోల్చి చూసుకోవడానికి అదే సులువు. నేనైతే డబ్బు లెక్క కూడా పక్కన పెట్టేశాను. ధర రోజుకోలా ఉంటుంది, లీటర్లు మారవు. మిగిలే లీటర్లను ఆ రోజు ధరతో ఎవరికి వాళ్లు గుణించుకోవచ్చు.

డీజిల్ కూడా చూశాం. లీటరు డీజిల్‌లో పెట్రోల్ కంటే శక్తి ఎక్కువ, హైవే మీద దానికి తిరుగులేదు. కానీ కొత్త డీజిల్ బండ్ల సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్ ఒకటుంటుంది. అప్పుడప్పుడూ కాసేపు ఆగకుండా నడిస్తేనే అది వేడెక్కి మసిని కాల్చుకుంటుంది. రోజూ బడికీ ఆఫీసుకీ తిరిగే మాలాంటి వాళ్లకి అదొక టెన్షన్. బయటి కరెంటుతో చార్జ్ చేసుకునే ప్లగ్-ఇన్ హైబ్రిడ్, పూర్తి ఎలక్ట్రిక్ కూడా అనుకున్నాం కానీ మేము బండి నిలిపే చోట చార్జింగ్ పాయింట్ లేదు. రాత్రి ఇంట్లో చార్జ్ చేసుకునే వీలున్నవాళ్లు ఇక్కడే చదవడం ఆపేసి ఎలక్ట్రిక్ వైపు చూడండి, తప్పులేదు. మైల్డ్ హైబ్రిడ్ అని ఇంకోటి అమ్ముతారు. అందులో చిన్న మోటారు ఇంజిన్‌కి చెయ్యి ఆనిస్తుందే తప్ప సాధారణంగా బండిని తను ఒక్కతే లాగదు. పేరులో హైబ్రిడ్ ఉంది కదా అని మోసపోవద్దు.

మొదటి నెల అమ్మ ప్రతి సిగ్నల్ దగ్గరా "ఆగిపోయిందా నాన్నా?" అని అడిగేది. ఇంజిన్ ఆగిపోతుంది, ఏసీ మాత్రం నడుస్తూనే ఉంటుంది, దాని కంప్రెసర్ కరెంటుతో తిరుగుతుంది కనుక. బ్యాటరీ మరీ దిగితే ఇంజిన్ తనే ఓసారి మేలుకుని, కాస్త నింపి, మళ్లీ నిద్రపోతుంది. పార్కింగులో చప్పుడు లేకుండా కదిలే బండి ముందు మనుషులు తప్పుకోరు. వెనక్కి తీసేటప్పుడు ఇప్పటికీ నేను అద్దం దించుకునే తీస్తాను.

బ్యాటరీ పెద్దదేమీ కాదు. రెండు యూనిట్ల కరెంటు కూడా పట్టదు. లీటరు పెట్రోల్‌లో సుమారు తొమ్మిది యూనిట్ల శక్తి ఉంటుందంటే చూడండి. అది ఇంట్లో చిల్లర డబ్బా లాంటిది. బ్రేకు వేసినప్పుడు రాలే చిల్లరని దాస్తుంది, సిగ్నల్ నుంచి కదిలేటప్పుడు ఆ చిల్లరే ఖర్చు పెడుతుంది. మామూలు బండిలో ఆ చిల్లరంతా బ్రేకు ప్యాడ్ల దగ్గర వేడై పోతుంది. అందుకే ఊళ్లో మైలేజ్ పెరిగేది. అందుకే బ్రేకు ప్యాడ్లు 78 వేలకి కూడా కంపెనీవే ఉన్నాయి. అయితే దూరం నుంచే మెల్లగా తొక్కాలి. చివరి క్షణంలో గట్టిగా తొక్కితే మామూలు బ్రేకులు పట్టేసుకుంటాయి, చిల్లర చేతికి రాదు. ఈ అలవాటు కుదరడానికి నాకు మూడు నెలలు పట్టింది, మా ఆవిడకి మూడు రోజులు. ఆమె నడిపిన ట్యాంకులకి ఇప్పటికీ లీటరుకి ఒక కిలోమీటరు ఎక్కువే వస్తుంది. ఒప్పుకోవడం కష్టమే, పుస్తకంలో రాసి ఉంది కాబట్టి ఏం చేయలేను.

ఇంజిన్ కూడా మామూలు తరహాది కాదు. జేమ్స్ అట్కిన్‌సన్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1880లలో ఆలోచించిన పద్ధతి. ఇప్పటి ఇంజిన్లలో గాలి లోపలికొచ్చే వాల్వుని ఆలస్యంగా మూసి అదే ఫలితం రాబడతారు. మండిన గాలి వ్యాకోచించేటప్పుడు ఎక్కువ పని చేయించుకుంటారు, ఇంధనం ఆదా అవుతుంది. బదులుగా కింది వేగాల్లో లాగుడు తగ్గుతుంది, ఆ లోటు మోటారు పూడుస్తుంది. 1997లో జపాన్‌లో వచ్చిన టొయోటా ప్రియస్‌లోనూ ఇదే జోడీ. అంటే ఇది నిన్నమొన్నటి ప్రయోగం కాదు, ఆ ధైర్యంతోనే కొన్నాం.

కంపెనీ చెప్పిన మైలేజ్ అంకె రాలేదు. చాలామందికి రాదు. ఆ అంకెలు ల్యాబ్‌లో రోలర్ల మీద తీసేవి. యూరప్‌లో 2017 నుంచి పాత పరీక్ష స్థానంలో డబ్ల్యుఎల్‌టీపీ అనే కఠినమైన పరీక్ష తెచ్చారు, అంకెలు కాస్త నేలకి దిగాయి. అయినా అవి బండిని బండితో పోల్చడానికే. డాష్‌బోర్డ్ కూడా అతిశయమే. మాది 18.6 అని చూపిస్తే అసలు 17.4 ఉంటుంది, ఐదేళ్లుగా తేడా దాదాపు అంతే. అసలు లెక్క తెలియాలంటే ట్యాంకు నింపేటప్పుడు గన్ మొదటిసారి టక్‌మని ఆగిన చోటే ఆపేయాలి. "రౌండ్ చేద్దాం సార్" అంటే వద్దనాలి. మీటరు రాసుకుని, మళ్లీ నింపినప్పుడు పట్టిన లీటర్లతో భాగించాలి. ఒక్క ట్యాంకుతో తేల్చేయకుండా మూడు నాలుగిటి సగటు చూడాలి.

నా పుస్తకం ప్రకారం ఐదేళ్ల సగటు 17.4. రద్దీ ట్రాఫిక్‌లో 19 దాకా. హైవే మీద గంటకి 90తో వెళ్తే 19.5, 120తో వెళ్తే 14.5. బండికి ఎదురయ్యే గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది (వేగం రెట్టింపైతే అది నాలుగు రెట్లు), ఎస్‌యూవీ ఎత్తుగా గోడలా ఉంటుంది, హైబ్రిడ్ దాన్నేం చేయలేదు. ఎక్కువగా హైవే మీదే, అదీ వేగంగా తిరిగేవాళ్లకి అదనంగా పెట్టిన డబ్బు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఒకసారి ఊరెళ్లొచ్చాక బద్ధకించి పైన రూఫ్ బాక్స్ అలాగే వదిలేశాను, రెండు నెలలు. హైవే మైలేజ్ ఆరో వంతు పోయింది. ఖాళీ డబ్బాని ఊరేగించినందుకు.

ఆశ్చర్యపోయిన సంగతి ఇంకోటి. చలికాలంలో ఉదయాన్నే బడికెళ్లే రెండు కిలోమీటర్లకి లీటరుకి 11 కూడా రాదు. చల్లటి ఇంజిన్ ముందు తను వేడెక్కాలి, సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే కన్వర్టర్‌ని వేడెక్కించాలి. అది పూర్తయ్యేలోపు బడి వచ్చేస్తుంది. హైబ్రిడ్‌కి ట్రాఫిక్ ఇష్టం, పొట్టి ప్రయాణం కాదు. ఇప్పుడు పిల్లలు నడిచే వెళ్తున్నారు, రోజూ సణుగుతూ.

ఇక తలనొప్పులు. మూడో ఏడు ఓ మధ్యాహ్నం డాష్‌బోర్డ్ మీద హైబ్రిడ్ సిస్టమ్ హెచ్చరిక వెలిగింది. ఒక సర్వీస్ సెంటర్‌లో అరగంట చూసి, బ్యాటరీ మొత్తం మార్చాలేమో అన్నారు. చెప్పిన అంకె విని మా ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది. ఇంకోచోట చూపిస్తే వెనక సీటు కింద ఉన్న జాలీ విప్పారు. బ్యాటరీని చల్లబరిచే గాలి అక్కడి నుంచే వెళ్తుంది. దాని వెనక ఫిల్టరు మీద బూడిదరంగు దుప్పటిలా దుమ్ము, దాంట్లో పోగులు, వెంట్రుకలు, మావాడి స్టిక్కరు ఒకటి. శుభ్రం చేసి బిగించాక హెచ్చరిక మళ్లీ రాలేదు. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు నేనే విప్పి దులుపుతాను. ఆ జాలీకి అడ్డంగా బ్యాగులు పెట్టొద్దని పిల్లలకి చెప్పాను, పెడుతూనే ఉంటారు.

రెండోది, నెల రోజులు ఇంట్లో లేక వచ్చేసరికి బండి తలుపే తెరుచుకోలేదు. రిమోట్‌లో దాగి ఉండే చిన్న తాళంచెవితో తెరిచాం. లోపల అన్నీ చీకటి. అంత పెద్ద బ్యాటరీ ఉండగా ఇదేమిటి అనుకున్నాను. కంప్యూటర్లని లేపేది మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ, పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్చులకీ అదే దిక్కు. అది పడుకుంటే పెద్దది ఉన్నా లేనట్టే. దాన్ని లేపడానికి అరచేతిలో పట్టే జంప్ స్టార్టర్, అంటే బయటి నుంచి కరెంటు అందించే చిన్న పెట్టె, చాలు, ఎందుకంటే ఇంజిన్‌ని తిప్పే పని చిన్న బ్యాటరీది కాదు. అది కొని ఇంట్లో పెట్టుకున్నాను. బండిలో పెడితే, తలుపు తెరుచుకోని రోజు దాన్ని తీసేదెలా?

ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ ఒకటే అరుపు. గేర్లు మారిన భావన ఉండదు, అరుపు ముందు పరుగెడుతుంది, బండి తర్వాత వస్తుంది. డ్రైవింగులో మజా కావాలనుకునేవాళ్లు టెస్ట్ డ్రైవ్‌లో ఎత్తు ఎక్కించి చూడాలి. పొడవైన దిగుడులో చిల్లర డబ్బా నిండిపోతుంది, ఆపై ఇంజినే పట్టి ఉంచుతుంది, అప్పుడూ అరుపే. మొదటిసారి అందరం భయపడ్డాం.

వేరియంట్ ఎంపికలో ఒక మాట. పెద్ద చక్రాలు చూడముచ్చటగా ఉంటాయి కానీ బరువు, రాపిడి ఎక్కువ, టైర్లూ ఖరీదు. మేము కింది వేరియంటూ చిన్న చక్రాలూ తీసుకున్నాం. నాలుగు చక్రాలకీ శక్తి అందే వేరియంట్ కూడా వద్దనుకున్నాం, బురదలోకీ మంచులోకీ మేము వెళ్లం. ఈ రెండిటికీ ఒక్కరోజు కూడా చింతించలేదు. డిక్కీ చిన్నదైనందుకు చింతించాను, అమ్మ వీల్‌చెయిర్ పెట్టాల్సి వచ్చినప్పుడు.

నిన్న ట్యాంకు నింపాం. 743 కిలోమీటర్లకి 42.1 లీటర్లు. మా అమ్మాయి నోట్లోనే భాగించి 17.6 అంది, పుస్తకంలో రాసింది, పక్కన 'అమ్మ నడిపింది' అని కూడా రాసింది.