తెగిన లింకులు, వేబ్యాక్ మెషీన్: పదేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

“అన్నా, మీరు పెట్టిన శాసనం ఫోటో లింకు ఓపెన్ అయితలేదు. ఒకసారి చూడుండ్రి.”

2015లో ములుగు నుంచి ఒక కుర్ర టీచరు పంపిన ఈ మెసేజ్‌తో నాకు ఈ పని మొదలైంది. హనుమకొండ, కాజీపేట, జనగామ, ములుగులో ఉండే చరిత్ర అభిమానులం కొందరం ఓరుగల్లు చుట్టుపక్కల గుళ్లు, చెరువులు, శాసనాల గురించి ఆన్‌లైన్‌లో రాసుకుంటాం. ఎవరు ఏం రాసినా కింద ఆధారంగా లింకు పెట్టాలని మొదట్లోనే అనుకున్నాం. ఆ రోజు పాత పోస్టులన్నీ తెరిచి వరుసగా నొక్కుతూ పోతే, ఒకదాని తర్వాత ఒకటి ‘404, పేజీ దొరకలేదు’ అని వస్తుంటే టెన్షన్ పట్టుకుంది. ఆధారం లేకపోతే మా రాతలకూ వాట్సాప్‌లో తిరిగే పుకార్లకూ తేడా ఏముంటుంది?

ఇది మా ఒక్కరి కష్టమే కాదు. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం 2023 నాటికి అందుబాటులో లేవని అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ 2024లో లెక్క చెప్పింది.

అప్పటి నుంచి నేను వాడుతున్నది వేబ్యాక్ మెషీన్, అంటే వెబ్ పేజీల కాపీలను తేదీలవారీగా దాచిపెట్టే సైటు. బ్రూస్టర్ కేల్ 1996లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని నడుపుతుంది. 2001లో అందరికీ తెరిచారు. 2025 అక్టోబర్ నాటికి దాచిన పేజీలు లక్ష కోట్లకు చేరాయి. ఒక్క రూపాయి కట్టనక్కరలేదు. చచ్చిన లింకును అందులో అతికిస్తే సంవత్సరాల పట్టీ, దాని కింద క్యాలెండర్ వస్తాయి. ఆ పేజీని దాచిన రోజుల మీద రంగు చుక్కలుంటాయి. నీలం చుక్క అంటే ఆ రోజు పేజీ సరిగ్గా దొరికింది. ఆకుపచ్చ అంటే ఆ చిరునామా అప్పటికే ఇంకో చోటికి పంపుతోంది. నారింజ అంటే ఆ రోజుకే పేజీ లేదు. నీలం చుక్క నొక్కితే పాత పేజీ కళ్ల ముందుంటుంది.

ఇంతవరకు ఎవరైనా పది నిమిషాల్లో నేర్చుకుంటారు. ఏ రోజు కాపీ తీసుకోవాలన్న దగ్గరే తప్పు జరుగుతుంది, మొదటి ఏడాది నేనూ చేశాను. అన్నింటికన్నా కొత్త కాపీ తీసి పెట్టేసేవాణ్ణి. మా గుంపులో ఒక పెద్దసారు వేయి స్తంభాల గుడి కల్యాణ మంటపం గురించి చాలా బాధతో ఒక పోస్టు రాశారు. మరమ్మతు కోసం మంటపాన్ని విప్పి రాళ్లను పక్కన పేర్చిన రోజులవి. ఆయన ఇచ్చిన లింకులో ఆ రాళ్ల గుట్టల వర్ణన ఉండేది. ఆ మంటపం మళ్లీ నిలబడి 2024 మార్చిలో తెరుచుకుంది. ఇప్పుడు అదే చిరునామాకు కొత్త కాపీ తీస్తే నిండుగా నిలబడ్డ మంటపం కనిపిస్తుంది. చదివేవాళ్లకు పెద్దసారు అబద్ధం రాసినట్టు అనిపిస్తుంది. అందుకే ముందు పోస్టు తేదీ చూస్తాను. తర్వాత లింకుకు పైనా కిందా ఉన్న వాక్యాలు చదివి, రాసిన మనిషి ఏం చూసి ఆ మాట అన్నారో పట్టుకుంటాను. ఆ తేదీకి దగ్గరి కాపీనే పెడతాను. కాపీ చిరునామాలో వరుసగా 14 అంకెలుంటాయి: ఏడాదికి నాలుగు, నెల, తేదీ, గంట, నిమిషం, సెకనుకు రెండేసి. ఆ గంటలు గ్రీనిచ్ లెక్కవి, మన సమయం రావాలంటే వాటికి ఐదున్నర గంటలు కలపాలి.

లింకులను వరసగా పరీక్షించి చచ్చినవి చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిని వాడండి, పూర్తిగా నమ్మకండి. గడువు తీరిన వెబ్‌సైటు పేరును వేరేవాళ్లు కొనుక్కుని బెట్టింగ్ ప్రకటనలు నింపుతారు. సాఫ్ట్‌వేర్ లెక్కలో ఆ లింకు బతికే ఉంటుంది, ఎందుకంటే పేజీ తెరుచుకుంటోంది కదా. చెరువుల మీద మేం రాసిన ఒక పోస్టులో లింకు నొక్కితే పేకాట సైటు వచ్చింది. పిల్లలు చదివే చోట అలాంటిది ఉండటం నాకు చాలా బాధ కలిగించింది. ఆ రోజు నుంచి ఏడాదికోసారి ప్రతి లింకునూ చేత్తో నొక్కి చూస్తున్నాను.

తెలుగు లింకులతో వేరే తలనొప్పి ఉంది. తెలుగు పేరున్న చిరునామాను కాపీ చేస్తే శాతం గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో పెద్ద తోకలా మారుతుంది. కంప్యూటర్ ఒక్కో తెలుగు గుర్తును మూడు బైట్లుగా, అంటే మూడు ముక్కలుగా దాస్తుంది. చిరునామాలో ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులు పడతాయి. ‘వరంగల్’ అనే పేరునే తీసుకోండి. వ, ర, సున్నా, గ, ల, పొల్లు కలిపి ఆరు, అంటే 54 గుర్తుల తోక. మెయిల్‌లోనో ఫోన్‌లోనో ఆ తోక మధ్యలో తెగిపోతే పేజీ ఉన్నా లింకు పనిచేయదు. అందుకని తెలుగు లింకు తెగిందనగానే నేను వేబ్యాక్ దగ్గరికి పోను. ముందు తోక తొమ్మిదేసి గుర్తుల చొప్పున పూర్తిగా ఉందో లేదో చూస్తాను. వాక్యం చివరి చుక్కో, బ్రాకెట్టో లింకుకు అంటుకుందేమో చూస్తాను. చాలాసార్లు రోగం అక్కడే కుదురుతుంది.

2000ల మొదట్లోని తెలుగు దినపత్రికల పేజీలు ఇంకో రకం. అవి ఇప్పుడు అన్ని చోట్లా చదవగలిగే యూనికోడ్ పద్ధతిలో లేవు, ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంటు. వేబ్యాక్‌లో కాపీ దొరికినా తెర మీద అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలే కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో ‘పద్మ’ అనే పొడిగింపు (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) ఉండేది. 2017 నవంబర్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 నుంచి పాత తరహా పొడిగింపులు పనిచేయడం మానేశాయి. నా పాత ల్యాప్‌టాప్‌లో పాత ఫైర్‌ఫాక్స్‌ను అలాగే ఉంచుకున్నాను, దానికి నెట్ ఇవ్వను. ఫైలుగా దింపుకున్న పేజీని అందులో తెరిచి, మాకు ఆధారమైన రెండు మూడు వాక్యాలను యూనికోడ్‌లో టైప్ చేసి లింకు కింద రాస్తాను. ఈ పని ఏ మెషీనూ మన కోసం చేసిపెట్టదు. చేసిన ప్రతిసారీ నాకు తృప్తిగా ఉంటుంది.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా లింకులు పోయాయని బాధపడేవాళ్లకు ఒక మంచి మాట. ఆ సైటులోని స్కాన్ పుస్తకాలు పెద్ద ఎత్తున ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనే ఉన్నాయి. తెలుగు పుస్తకాల పేర్లను అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాల స్పెల్లింగులతో రాశారు. ఒక స్పెల్లింగుతో దొరకలేదని వదిలేయకండి. ఒత్తులు తీసేసి, దీర్ఘాలు మార్చి నాలుగైదు రకాలుగా వెతకండి.

వేబ్యాక్‌కు హద్దులున్నాయి. లాగిన్ అయితే తప్ప కనిపించని పేజీలు ఇందులో ఉండవు. వీడియోల మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. పేజీ దొరికినా అందులోని ఫోటోలన్నీ దొరుకుతాయన్న హామీ లేదు. 2024 అక్టోబర్‌లో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగి, 3 కోట్ల 10 లక్షల ఖాతాల వివరాలు బయటపడ్డాయి, కొన్ని రోజులు సేవ మొత్తం ఆగింది. పాత పేజీలు చూసే వీలు ముందు వచ్చింది, కొత్తవి దాచే వీలు తర్వాత వచ్చింది. ముఖ్యమైన ఆధారాలన్నిటికీ పీడీఎఫ్ తీసి సొంత డిస్కులో పెట్టుకోవడం అప్పుడు మొదలుపెట్టాను. ముందే చేయాల్సింది.

మరమ్మతు చేసేటప్పుడు పాత లింకును చెరిపేయవద్దు. దాని పక్కనే కొత్తది పెట్టి, ఎప్పుడు ఎవరు మార్చారో ఒక ముక్క రాయండి. అది ఇంకొకరి రాత. ఇంతకుముందు చెప్పిన పెద్దసారు ఇప్పుడు లేరు. ఆయన పెట్టిన ఒక్క లింకునూ నేను తీసేయలేదు.

నా అనుభవంలో ఇందులో అన్నిటికన్నా విలువైనది ‘సేవ్ పేజ్ నౌ’. పోస్టు రాసిన రోజే లింకును అక్కడ అతికించి దాచేస్తే, పదేళ్ల తర్వాత తిప్పలుండవు. నిమిషం పని. ఇప్పుడు మా దగ్గర అసలు లింకు, దాచిన కాపీ లింకు రెండూ ఉంటేనే పోస్టు పెట్టనిస్తాం. వేబ్యాక్‌కు ఐదుకు నాలుగున్నర ఇస్తాను.

మొదట చెప్పిన శాసనం ఫోటో మాత్రం వేబ్యాక్‌లోనూ దొరకలేదు. ఉచితంగా ఫోటోలు పెట్టుకునే ఒక సైటులో ఉండేది, ఆ సైటే మూతపడింది. తీసినాయన ఫోన్ కూడా పోయింది. చివరికి ఆ టీచరు తమ్ముడు, నేను బండి మీద ఆ పల్లెకు పోయి శాసనాన్ని మళ్లీ ఫోటో తీసి, దాచి, లింకు మార్చాం. రాయి చుట్టూ కొత్తగా సిమెంటు గచ్చు వేశారు. అడుగున ఉన్న మూడు వరుసలు గచ్చు కిందికి పోయాయి. పాత ఫోటోలో ఆ మూడూ స్పష్టంగా కనిపించేవి.