పదకొండేళ్ళు వాడిన వైద్య నిఘంటువు, అందులో ఒకే ఒక్క ఇలియం

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర నాకో చిన్న డీటీపీ షాపు ఉంది. ఆరోగ్య శిబిరాల కరపత్రాలు కొడతాను. అడిగినవాళ్ళకు రిపోర్టులు చదివి తెలుగులో చెబుతాను. అందుకే పదకొండేళ్ళ కింద పాత పుస్తకాల బండి మీద ఒక వైద్య నిఘంటువు కొన్నాను. పేరు చెప్పను, దానిమీద నాకు పగేం లేదు.

ఇంగ్లిష్ మాటలన్నీ తెలుగు లిపిలో, అ ఆ వరసలో ఉంటాయి. వెతకడం సులువు. గవదబిళ్ళలు, కోరింత దగ్గు, బోదకాలు లాంటి జనం మాటలు పుష్కలం. అట్ట ఊడింది గానీ కుట్టు ఊడలేదు.

చిక్కు కూడా ఆ లిపితోనే. చిన్నపేగు చివరి భాగాన్నీ, తుంటి ఎముకలో పైనుండే వెడల్పు భాగాన్నీ ఇంగ్లిష్‌లో ఒక్క అక్షరం తేడాతో రాస్తారు. తెలుగులో రాస్తే రెండూ ఇలియమే. ఈ పుస్తకంలో ఉన్నది ఒక్కటే, తుంటిది. రెండోది రిపీట్ అనుకుని ఎవరో కొట్టేసి ఉంటారని నా అనుమానం.

చండూరు నుంచి ఒకతను తండ్రి స్కానింగ్ రిపోర్టు తెచ్చాడు. ఇలియం దగ్గర వాపు. పుస్తకం చూసి తుంటి ఎముక అని చెప్పేశాను.

"కడుపునొప్పని తీస్కపోతే తుంటి అంటరేంది సార్? మా నాయన మంచిగనే నడుస్తుండు గదా."

తెలిసిన నర్సుకు ఫోన్ చేస్తే ఒకటే నవ్వు. "అది పేగు సార్!"

డిస్ఫేజియాదీ ఇదే కథ. మింగలేకపోవడం, మాట రాకపోవడం రెండూ ఒకే మాట కింద కలిపేశారు.

నన్ను నిజంగా ముంచింది మాత్రం ఫ్లోరోసిస్ పేజీ. ఫ్లోరిన్ అనేది వాయువు, మన నీళ్ళలో ఉండేది ఫ్లోరైడ్. నల్లగొండోళ్ళం అందరం ఫ్లోరిన్ నీళ్ళు అనే అంటాం కాబట్టి దాన్ని వదిలేద్దాం. కానీ లీటరుకు 1.5 మి.గ్రా. దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినదాంట్లో 'మి.' ఎగిరిపోయి ఒట్టి 'గ్రా.' మిగిలింది. అంటే వెయ్యి రెట్లు! నేను దాన్ని 'గ్రాములు' అని విడమరిచి మరీ 500 కరపత్రాలు కొట్టాను. ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు పట్టుకున్నాక మిగిలినవి చించేశాను.

ఇప్పుడు పుస్తకంలో ఆ మూడు చోట్లా ఎర్ర పెన్నుతో రాసి పెట్టుకున్నాను. ఇంకా వాడుతూనే ఉన్నాను. రెండేళ్ళ తర్వాత మునుగోడులో ఒక గోడ మీద అదే వాక్యం కనబడింది. గ్రాములతో సహా, నేను పెట్టిన ఆశ్చర్యార్థకంతో సహా.