సౌర ట్రాక్ నుంచి చిల్కూరు దాకా: జంట జలాశయాల మధ్య సైకిలు దారులపై సమీక్ష

హైదరాబాదుకు పడమట ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల నడుమ ఉన్న ఊళ్ల రోడ్లకు మించిన ప్రశాంతమైన సైకిలు దారులు నగరానికి ఇంత దగ్గరలో లేవని నా అభిప్రాయం. అయితే ఆ ప్రశాంతత రోజంతా ఉండదు, వారమంతా ఉండదు, దారి పొడవునా కూడా ఉండదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల కప్పుతో సైకిలు ట్రాక్ కట్టిన తరువాత, ఉదయం పూట ఆ ట్రాక్ చివరిదాకా వెళ్లి అక్కడి నుంచే వెనక్కి తిరిగేవారు ఎక్కువగా కనిపిస్తున్నారు. వారు తిరుగుముఖం పట్టే చోటికి కొద్ది దూరంలోనే అసలైన పచ్చదనం మొదలవుతుంది. ట్రాక్‌ను గమ్యంగా కాక ఆ పచ్చదనానికి చేర్చే దారిగా వాడుకుంటేనే దాని విలువ పూర్తిగా దక్కుతుందని అనుకుంటున్నాను కాబట్టి, ఈ సమీక్షలో రెండింటినీ కలిపే పరిశీలిస్తున్నాను.

ముందుగా ట్రాక్ సంగతి. 2023 అక్టోబరు 1న ప్రారంభమైన ఈ మార్గం మొత్తం పొడవు 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ కూడలి దాకా 8.5 కిలోమీటర్ల పాయ ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్ల పాయ మరొకటి. నాలుగున్నర మీటర్ల వెడల్పున మూడు వరుసలు ఉండడంతో, పిల్లలతో వచ్చినవారు ఒక పక్కన నెమ్మదిగా సాగుతున్నా వేగంగా వెళ్లేవారికి ఇబ్బంది కలగదు. పైకప్పు మీది ఫలకాల సామర్థ్యం 16 మెగావాట్లు. సైకిలు తొక్కేవారికి మాత్రం ఆ విద్యుత్తు కంటే దాని కింది నీడే ముఖ్యం. ఏప్రిల్ నెలలో ఎనిమిది దాటాక కూడా నెత్తి మాడకుండా తొక్కగలిగే దారి నగరంలో ఇదొక్కటే అంటే అతిశయోక్తి కాదు. మోటారు వాహనాల భయం లేని ఈ ట్రాక్‌ను కొత్తగా సైకిలు కొన్నవారికీ, చాలా ఏళ్ల తరువాత మళ్లీ మొదలుపెట్టినవారికీ నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.

కానీ ప్రశాంతత కోసం వచ్చినవారికి ఈ ట్రాక్ సగం మాత్రమే తృప్తినిస్తుంది. పక్కనే ఔటర్ మీద లారీలు, కార్లు దూసుకుపోయే హోరు మొదటి నుంచి చివరి దాకా చెవుల్లో మోగుతూనే ఉంటుంది. ఒకే కొలతలో వచ్చే ఇనుప స్తంభాలు, వాటి మధ్య ఒకే తీరుగా పడే వెలుగునీడలు కొంతసేపటికి విసుగు పుట్టిస్తాయి. సాయంత్రాలు నడిచేవారు, పరుగెత్తేవారు, ఫోన్లలో వీడియోలు తీసుకునేవారు కూడా చేరడంతో గంట కొడుతూ వెళ్లాల్సి వస్తుంది. భద్రతకు ఐదుకు నాలుగున్నర మార్కులు వేయవచ్చు గానీ, నిశ్శబ్దానికి రెండు దాటి వేయలేను.

అప్పా జంక్షన్ అని అందరూ పిలిచే పోలీసు అకాడమీ కూడలి దగ్గర ట్రాక్ ముగిశాక, చేవెళ్ల వైపు వెళ్లే జాతీయ రహదారి 163 ఎక్కాలి. ఇక్కడి నుంచి మన్నెగూడ వరకు సాగే సుమారు 46 కిలోమీటర్ల రోడ్డుకు ఇరువైపులా ఉన్న దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్ల గురించి పత్రికల్లో చాలా చర్చ జరిగింది. రోడ్డు విస్తరణ కోసం వాటిని తొలగించవద్దని పర్యావరణ ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. మర్రి నీడలోకి చక్రం ప్రవేశించగానే ఒంటికి తగిలే చల్లదనం నిజంగానే వేరు. అయినా ఈ రహదారిని సైకిలు దారిగా నేను సిఫారసు చేయను. కంకర టిప్పర్లు, వికారాబాదు బస్సులు, వాటిని దాటిపోవాలని తొందరపడే కార్లు ఒకేసారి ఎదురయ్యే ఈ రోడ్డు మీద సైకిలుకు మిగిలేది తారు అంచు మాత్రమే. ఆ అంచు దగ్గర తారుకూ మొరానికీ మధ్య ఎత్తు తేడా బెత్తెడు దాకా ఉన్న చోట్లలో ముందు చక్రం ఒకసారి కిందికి జారితే తిరిగి పైకి ఎక్కించడం కష్టం. అందువల్ల అజీజ్‌నగర్ దాటి చిల్కూరు మలుపు వచ్చే దాకా వెనుక ఎర్రలైటు వెలిగించుకుని, ఒకరి వెనుక ఒకరుగా, మాటలు కట్టిపెట్టి వెళ్లడం మంచిది.

కుడివైపు మలుపు తిరిగి చిల్కూరు దారిలో ప్రవేశించాక కొద్ది నిమిషాల్లోనే చప్పుడు తగ్గిపోతుంది. మృగవని జాతీయ ఉద్యానం ఈ ప్రాంతంలోనే ఉంది. 1994లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన ఈ అడవిలో చుక్కల దుప్పులు, కణుజులు, అడవి పందులు, నెమళ్లు ఉన్నాయి. జంతువులను చూడడమే ఉద్దేశమైతే విడిగా టికెట్టు కొని లోపలికి వెళ్లాలి. రోడ్డు మీద నుంచి దుప్పి కనిపిస్తుందని ఆశపెట్టుకోవద్దు. తెల్లవారుజామున నెమలి కూత మాత్రం తరచుగా వినిపిస్తుంది. చలికాలంలో రోడ్డు పక్క తంగేడు పసుపు, ఫిబ్రవరి చివర్లో ఆకులు రాలిన మోదుగు కొమ్మల మీద నారింజ రంగు పూలు, కరెంటు తీగ మీద కదలకుండా కూర్చుని ఎగిరినప్పుడు మాత్రమే నీలం రెక్కలు చూపించే పాలపిట్ట, ఇవన్నీ సైకిలు వేగంలోనే కంటికి ఆనతాయి. కారు వేగంలో ఇవేవీ అందవు, నడకలో ఇంత దూరం సాగదు.

చిల్కూరు నుంచి సురంగల్, నాగిరెడ్డిగూడ వంటి మొయినాబాద్ మండలం ఊళ్ల వైపు పోయే చిన్న రోడ్లు ఈ దారిలో ఉత్తమ భాగం. రాతి గుండ్ల మధ్య మెల్లగా లేచి మెల్లగా దిగే ఈ రోడ్లు మరీ ఎత్తుగా ఉండవు గనుక గేర్లు లేని సైకిలుతో కూడా సాగవచ్చు. దారి పొడవునా కూరగాయల మళ్లు, జొన్న చేలు, పూల సాగు కోసం వేసిన తెల్లని పాలీహౌస్‌లు కనిపిస్తాయి. గులాబీలు, చామంతులు, జర్బెరాలు ఇక్కడి నుంచి నగరం మార్కెట్లకు వెళ్తాయి కాబట్టి, తెల్లవారకముందే పూల మూటలు వేసుకున్న ఆటోలు ఎదురొస్తాయి. అదే ఈ రోడ్ల మీద ఆ వేళకు కనిపించే ముఖ్యమైన రద్దీ. జలాశయం వైపు నీళ్లు కనిపించే చోట ఆగితే, ఎండిన సర్కారు తుమ్మ కొమ్మ మీద నీటికాకి రెక్కలు రెండూ బార్లా చాపి ఆరబెట్టుకోవడం, లకుముకి పిట్ట ఒక్కచోటే గాలిలో రెక్కలాడిస్తూ నిలిచి రాయిలా నీళ్లలోకి పడడం చూడవచ్చు.

నగరం ఇన్ని దిక్కులకు పాకుతున్నా ఈ రోడ్లు ఇంతకాలం ఇలా మిగలడం యాదృచ్ఛికం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలమంది ప్రాణాలు పోయాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో మూసీ మీద ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడమే కాక నగరానికి తాగునీరు ఇచ్చే బాధ్యత కూడా వీటి మీద పడింది. ఆ నీటిని కాపాడేందుకే 1996లో జీవో 111 వచ్చింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో పరిశ్రమలకు, భారీ కట్టడాలకు అడ్డుకట్ట వేసిన ఆ ఉత్తర్వు వల్లనే కోకాపేటలో ఆకాశహర్మ్యాలు లేచినా చిల్కూరు దగ్గర ఇంకా చేలు మిగిలాయి. 2022లో జీవో 69 ద్వారా ఆ ఆంక్షలను సడలించే నిర్ణయం జరిగిన తరువాత రోడ్డు పక్కన వెంచర్ల బోర్డులు, ప్రహరీలు పెరుగుతున్నాయి. ప్రహరీ లేచిన చోట నీళ్లు కనిపించకుండా పోతున్నాయి కనుక, ఈ దారిని చూడాలనుకున్నవారు వాయిదా వేయకపోవడం మేలు.

ఎప్పుడు వెళ్లాలన్నది ఈ దారి విషయంలో అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న. వీసా బాలాజీగా పేరుపడ్డ చిల్కూరు వేంకటేశ్వరస్వామి దర్శనానికి శుక్ర, శని, ఆదివారాల్లో జనం పోటెత్తుతారు. మొక్కుకోవడానికి పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసే భక్తులు తెల్లవారుజామునే చేరుకుంటారు గనుక, ఆ మూడు రోజుల్లో ఎంత పొద్దున్నే బయలుదేరినా ఆలయం వైపు కార్ల వరుస తప్పదు. దానికి తోడు వారాంతంలో ఫామ్‌హౌస్‌లకు వచ్చేవారి వాహనాలు ఉంటాయి. సోమవారం నుంచి గురువారం దాకా ఆలయం రద్దీ తక్కువే గానీ, మొయినాబాద్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలల బస్సులు ఉదయం ఎనిమిది గంటల తరువాత వరుసగా వస్తాయి. ఈ లెక్కన మామూలు పనిదినాల్లో ఐదున్నరకు నానక్‌రామ్‌గూడలో బయలుదేరి, ఏడున్నరకల్లా తిరుగుదారిలో చేవెళ్ల రోడ్డు దాటేయగలిగినవారికే ఈ రోడ్లు పూర్తిగా దక్కుతాయి. చిల్కూరు దాకా రానూ పోనూ సుమారు నలభై కిలోమీటర్లు అవుతుంది. అంత తొందర వీలుకానివారు సైకిలును కారులో వేసుకుని చిల్కూరు దాకా వచ్చి, అక్కడి నుంచి ఊళ్ల రోడ్ల మీద తిరగడం తెలివైన పని. రహదారి మీది ప్రమాదం కూడా తప్పుతుంది.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉండే కాలం అన్నివిధాలా అనువైనది. ఆ నెలల్లో పొగమంచు దట్టంగా ఉన్న రోజు వెలుగు వచ్చేదాకా ట్రాక్ మీదే ఉండడం క్షేమం. వానాకాలంలో గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి వెళ్లేటప్పుడు కాళ్లు పీకినా వచ్చేటప్పుడు శ్రమ ఉండదు. వేళ మించితే మాత్రం తిరుగుదారి అంతా ఎండ ఎదురుగా కళ్లలో పడుతుంది. ఆ వెలుగులో ఎదురొచ్చే వాహనాల వారికి మనం కనిపిస్తాం గానీ, రోడ్డు మీది గుంతలు మనకు కనిపించవు.

సైకిలు విషయంలో ఒక్క మాట. సన్నని రేసింగు టైర్లు ట్రాక్ మీద బాగుంటాయి గానీ, ఊళ్లలో రంగు వేయని స్పీడ్ బ్రేకర్లకు, మిషన్ భగీరథ తాగునీటి పైపుల కోసం తవ్వి పైపైన పూడ్చిన చోట్లకు 28 మిల్లీమీటర్ల కంటే వెడల్పు టైర్లే నయం. రైతులు కంచె కొట్టిన రోజుల్లో తుమ్మ ముళ్లు తారు మీద రాలి ఉంటాయి, వాటితో పంక్చరు పడే అవకాశం ఎక్కువ. చిన్న ఊళ్లలో పంక్చరు దుకాణాలు ఉన్నా అంత పొద్దున తెరవరు, తెరిచినా గేరు సైకిలు ట్యూబు దొరకదు. అందుకని ఒక ట్యూబు, పంపు వెంట ఉంచుకోవాలి. కుక్కల బెడద ఊరి మొదట్లో, కోళ్ల ఫారాల దగ్గర ఉంటుంది. వేగం పెంచితే వెంటపడతాయి, దిగి సైకిలును అడ్డంగా పెట్టుకుని నడిస్తే వెనక్కి తగ్గుతాయి. తిండికి కొరత లేదు. చిల్కూరు ఆలయం దారిలోని బండ్ల మీద వేడి ఇడ్లీలు, పల్లీ చట్నీ పొద్దున్నే దొరుకుతాయి. జామకాయల కాలంలో రోడ్డు పక్కన బుట్టలతో కూర్చునే వారి దగ్గర కొన్న కాయలకు ఉప్పు, కారం వారే అద్ది ఇస్తారు.

తిరుగుదారిలో కొందరు హిమాయత్ సాగర్ కట్ట వైపు మళ్లుతారు. విశాలమైన నీరు, చల్లని గాలి, కాల్చిన మొక్కజొన్న కంకులు అక్కడి ఆకర్షణలు. సాయంత్రం, సెలవు రోజుల్లో జనసందోహం ఎక్కువ కావడంతో సైకిలుకు అది అనువైన వేళ కాదు, ఉదయం మాత్రం బాగుంటుంది. భారీ వానలు కురిసి జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మంచిరేవుల వంతెన, హిమాయత్ సాగర్ దిగువన ఔటర్ సర్వీసు రోడ్డు నీట మునిగి రాకపోకలు నిలిపివేస్తారు. జూలై నుంచి అక్టోబరు దాకా ఈ వైపు రావాలనుకునేవారు గేట్ల సమాచారం ముందురోజు రాత్రే చూసుకుని, ఎత్తారని తెలిస్తే ఆ రోజుకు నార్సింగి–కొల్లూరు పాయ మీద తొక్కుకోవడం మంచిది.